పాతరలోని ధాన్యం

ఈ కాలపు పత్రికలలో ‘పాతర’ అనే పదం తరచుగా కనబడుతుంది. విలువలకు పాతర వేశారనీ, నిబంధనలకు పాతర వేశారనీ వ్రాస్తుంటారు. ఆ ప్రయోగంలో పాతర వేయడమంటే గోతిలో పూడ్చి మరచిపోవడం. పూర్వం ఈ పదానికున్న అర్థం ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. పాతర అంటే ధాన్యాన్ని భద్రపరచే నేలగొయ్యి; ఈ ఏడు పండిన పంటను రానున్న కరవు కోసం దాచి ఉంచే చోటు. తిరిగి తీయడానికే దానిని పూడ్చేవారు. వస్తువు మరుగునపడి, పదం మాత్రం మిగిలి, అర్థం తలక్రిందులైన సందర్భాలు భాషలో ఇంకా ఉన్నాయి గాని, ఇంత బాధాకరమైనవి అరుదు.

పాతర తీయడం సామాన్యమైన పని కాదు. వాననీరు నిలువని మెరక ప్రదేశాన్ని, గట్టి నేలను ఎన్నుకొనేవారు. మూతి ఇరుకుగా, లోపల విశాలంగా ఉండేటట్లు త్రవ్వి, అందులో మంట వేసి గోడలను ఆరబెట్టి గట్టిపరచేవారు. అడుగునా, చుట్టూ ఎండుగడ్డి దట్టంగా పరచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, మట్టితో మూసివేసేవారు. లోపల చిక్కుకొన్న కొద్దిపాటి ప్రాణవాయువును గింజలు, పురుగులు పీల్చుకొనగా బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. పురుగు ఊపిరాడక చస్తుంది, గింజ నిలుస్తుంది. ఈ కారణం చేతనే పాతర తెరచిన వెంటనే ఎవరూ లోపలికి దిగేవారు కారు. త్రాడు కట్టి దీపాన్ని దించి చూసేవారు. దీపం ఆరిపోతే మరికొంతసేపు ఆగేవారు. రసాయనశాస్త్రం చదవని రైతుకు ఆ దీపమే పరీక్షా సాధనం. గాలి చొరని సంచులలో ధాన్యం నిలువచేయాలని నేటి శాస్త్రజ్ఞులు చేస్తున్న సూచనకు మూలసూత్రం ఇదే.

తడినేలల మాగాణిలో పాతర పనికిరాదు. కోస్తా జిల్లాలలో గడ్డితో పేనిన వెంటిత్రాళ్ళను చుట్లు చుట్లుగా చుట్టి పురులు కట్టేవారు. తెలంగాణలో వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్ములు ఉండేవి. ఇంటిలోపల గాదెలు, కాగులు సరేసరి. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేవారు. పెసలలో బూడిద కలిపేవారు. ధాన్యం నడుమ వేపాకు, వావిలాకు వేసేవారు. బూడిద రేణువులు పురుగు ఒంటిమీది పొరను గీరి, శరీరంలోని తేమను హరిస్తాయి. విత్తనాల సంగతి వేరు. వాటిని కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి, ఎంత ఆకలి వేసినా ముట్టకుండా ఉంచేవారు. రాగులకు ఇంత శ్రమ అవసరం లేదు. గింజ చిన్నది, పురుగు తేలికగా పట్టదు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కరవుసీమలు రాగినీ జొన్ననూ నమ్ముకోవడానికి వానల కొరతతో పాటు ఈ నిలువగుణం కూడా ఒక కారణం.

వేసవి ఎండను దాచిపెట్టే విద్య మాత్రం స్త్రీలది. ‘ఆముక్తమాల్యద’లో జడివానల నాళ్ళలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనాన్ని శ్రీకృష్ణదేవరాయలు వర్ణించాడు. ఆ వడ్డనలో వడియాలు, వరుగులు ఉన్నాయి. వండుతున్న భార్య కళ్ళకు పొగ సోకకుండా కొబ్బరి పెచ్చులను వంటచెరకుగా వాడినట్లు కూడా కవి చెప్పాడు. కాని ఆ వడియాలు, వరుగులు ఎండిన వేసవిలో ఆ ఇల్లాలు పడిన శ్రమను పాఠకుడే ఊహించుకోవాలి. ఆ పద్యాన్ని బోధించేటప్పుడు భక్తుని ఔదార్యాన్ని ప్రశంసించినంతగా ఆ శ్రమను ప్రస్తావించడం అరుదు. ఊరగాయది మరొక కథ. ఉప్పు కాయలోని నీటిని వెలుపలికి లాగుతుంది, నూనె గాలిని అడ్డుతుంది. దానికి బజారు దొరికింది కాబట్టి బ్రతికింది. సముద్రాలు దాటి అమెరికాలోని తెలుగువారి భోజనపు బల్లల మీదికి కూడా చేరింది. పాతరకు బజారు లేదు.

అయితే ఈ నేర్పును తలచుకొని, పూర్వకాలమంతా ప్రతి ఇంటా అన్నపూర్ణ కొలువై ఉండేదని భావించడం సత్యదూరం. భూమి ఉన్నవానికే పాతర ఉండేది. కూలివాని ఇంట్లో ఆనాటి గింజలు ఆనాటికే చెల్లిపోయేవి. అతడు భూస్వామి వద్దకు వెళ్ళి నాగుకు ధాన్యం తెచ్చుకొనేవాడు. తెచ్చుకొన్న ధాన్యానికి వడ్డీ కూడా ధాన్యమే. ఈ విద్యలన్నీ ఉన్న కాలంలోనే 1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమను, 1876-78 నాటి ధాత కరవు కడప, కర్నూలు, బళ్ళారి సీమలను పీల్చి పిప్పిచేశాయి. ధాత కరవు నాటికి రైలు వచ్చింది. అది కరవుసీమకు ధాన్యాన్ని చేర్చినట్లే, ధర ఎక్కువ పలికే చోటికి తరలించింది కూడా. కనుక ధాన్యం చెడకుండా ఉంచడం ఒక సమస్య, దాని మీద అధికారం ఎవరిదన్నది మరొక సమస్య. మొదటిదానిని రైతులు ఏనాడో పరిష్కరించారు. రెండవది అలాగే మిగిలింది.

స్వాతంత్ర్యానంతరం ఆ అధికారాన్ని ప్రభుత్వం స్వీకరించింది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదల పొయ్యిలో పిల్లి లేవడానికి ఇవి కారణమైనాయి. ఆ మేలును కాదనడం అన్యాయం. కాని 2001వ సంవత్సరాన్ని మరువరాదు. ఆ ఏడాది ప్రభుత్వ నిలువలు దాదాపు 6 కోట్ల టన్నులకు చేరాయి. గిడ్డంగులు చాలక ధాన్యాన్ని ఆరుబయట టార్పాలిన్ల క్రింద ఉంచవలసి వచ్చింది. అదే ఏడాది ఉత్తరాంధ్రకు పొరుగున ఉన్న ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడిటెంకల అంబలి త్రాగి పలువురు గిరిజనులు మరణించారు. టెంకలోని జీడిని బాగా కడిగి, ఆరబెట్టి, పిండి కొట్టి అంబలి కాచుకోవడం అక్కడ తరతరాల అలవాటు. అది వానకు తడిసి బూజు పడితే విషమౌతుంది. ఆ మరణాలకు విషాహారం కారణమని ప్రభుత్వం అన్నది, అవి ఆకలిచావులని విమర్శకులు అన్నారు. నిజానికి ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు. ఇంట్లో మరొక గింజ ఉన్నవాడు బూజు పట్టిన పిండిని పారవేస్తాడు.

నిండిన గిడ్డంగులకూ ఎండిన డొక్కలకూ నడుమ ఉన్న ఈ దూరం మీదనే 2001లో సర్వోన్నత న్యాయస్థానంలో వ్యాజ్యం దాఖలైంది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఈ చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా పేర్కొన్నది. అయినా తెలుగు రాష్ట్రాల చౌకధరల దుకాణాలలో ప్రధానంగా దొరికేది బియ్యమే. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నగరాలలో రంగురంగుల పొట్లాలకు గిరాకీ పెరిగింది. జొన్న, రాగి పండే మండలాలలో ఆ ఊరి పంటను ఆ ఊరిలోనే కొని, అక్కడే నిలువచేసి, అక్కడి పేదలకే అందించడానికి అడ్డేమిటి? ఇందుకోసం మళ్ళీ పాతరలు త్రవ్వనక్కరలేదు. లోహపు గాదెలున్నాయి, గాలి చొరని సంచులున్నాయి, ఊరూరా మహిళా సంఘాలున్నాయి.

ఇది ఊహామాత్రమైన ఆలోచన కాదు. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1990ల దశకంలోనే దీనిని ఆచరించి చూపింది. సంఘాలలోని పేద స్త్రీలు, వారిలో ఎక్కువమంది దళితులు, బీడుపడిన భూములను సాగులోకి తెచ్చారు. సాగుకు తీసుకొన్న అప్పును డబ్బుగా కాక జొన్నల రూపంలో ఊరి నిధికి చెల్లించారు. ఆ జొన్నలను ఊరిలోనే వేపాకు, బూడిద వేసి నిలువచేశారు. ఎవరి ఇల్లు ఎంత పేదదో ఊరివారే అందరి ఎదుట కూర్చొని నిర్ణయించారు. పంట ఇంకా చేతికి రాని వానాకాలపు నెలలలో, ఆ లెక్క ప్రకారం, ఇంటింటికీ తక్కువ ధరకు జొన్నలు కొలిచి ఇచ్చారు.