ఆంక్షలున్నా ఆగని ప్రయాణం.. మత్వియెంకో ‘పార్లమెంట్ దౌత్యం’తో ఒరిగేదేంటి?

రష్యా ఎగువ సభ ఛైర్‌పర్సన్ వలెంతినా మత్వియెంకోపై అమెరికా, ఈయూ 2014లోనే ఆంక్షలు పెట్టాయి. క్రిమియా విలీనానికి మద్దతివ్వడమే కారణం. స్విట్జర్లాండ్ కూడా ఆమెను ఆంక్షల జాబితాలో చేర్చింది. అయినా 2025 జులైలో ఆమె జెనీవాలో దిగారు. అదెలా?

ఆమె వెళ్లింది అంతర్ పార్లమెంటరీ యూనియన్ (ఐపీయూ) స్పీకర్ల సదస్సుకు. ఇలాంటి అంతర్జాతీయ సమావేశాలకు ఆంక్షల నుంచి మినహాయింపు ఉంటుంది. 2015లో మాత్రం సీన్ వేరు. న్యూయార్క్ సదస్సుకు అమెరికా షరతులతో వీసా ఇవ్వడంతో ఆమె వెళ్లనేలేదు.

మరి ఫలితం? 2017లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఐపీయూ సమావేశాల్లో ఉభయ కొరియాల ప్రతినిధులను ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలని ఆమె ప్రయత్నించారు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడారు. ముఖాముఖి చర్చలకు ఉత్తర కొరియా ససేమిరా అంది.

ఉక్రెయిన్ విషయంలో చిక్కు ఇంకా పెద్దది. 2022 ఫిబ్రవరి 22న విదేశాల్లో సైన్యాన్ని వాడేందుకు పుతిన్‌కు అనుమతిచ్చింది ఆమె నడిపే సభే. రెండు రోజులకే యుద్ధం మొదలైంది. అనుమతిచ్చిన చేతులతోనే శాంతి మాటలంటే కీవ్ నమ్మేదెలా?

అలాగని తలుపులన్నీ మూసేస్తే ప్రత్యర్థుల మధ్య మాటే ఉండదు. జెనీవా లాంటి వేదికలు ఆ కాస్త దారిని తెరిచి ఉంచుతాయి. అయితే స్పీకర్లు సందేశం మోయగలరంతే.. యుద్ధం ఆపే నిర్ణయం మాత్రం క్రెమ్లిన్‌దే.