గోరు తీయించుకునే ముందు

సోమశిల నీటితో వరి పండే ఆత్మకూరు పొలాల్లో కాళ్ళు బురదలో నానుతాయి. ఉదయగిరిలో చెక్క గరిటెలు మలిచే చేతులకు దెబ్బలు తగులుతుంటాయి. నానిన గోటిలోకి, దెబ్బతిన్న గోటిలోకి శిలీంధ్రం సులువుగా చేరుతుంది. గోరు పసుపుబారి, మందమై, పొడిపొడిగా రాలుతుంది.

‘పీకించేస్తే పీడ పోతుంది’ అనుకునేవారు చాలామంది. గోరు తీసినా దాని అడుగు చర్మంలో శిలీంధ్రం మిగిలే ఉంటుంది. మందు వాడకపోతే కొత్త గోరుకూ అదే గతి. బాగా మందమై బాధపెట్టే గోటిని, మందులకు లొంగని గోటిని మాత్రమే వైద్యులు మత్తు సూది ఇచ్చి తీస్తారు. కోత లేకుండా 40 శాతం యూరియా లేపనంతో మెత్తబరచి తొలగించే పద్ధతీ ఉంది. ముందుగా గోటి ముక్కను పరీక్షించాలి. సోరియాసిస్ వల్ల కూడా గోరు ఇలాగే మారుతుంది.

సాధారణంగా టెర్బినాఫిన్ మాత్రలు చేతిగోళ్ళకు 6 వారాలు, కాలిగోళ్ళకు 12 వారాలు ఇస్తారు. కాలేయ పరీక్ష చేయించుకోకుండా, దుకాణంలో అడిగి కొని మింగరాదు. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఓపిక నశించేది ఇక్కడే! మధుమేహం ఉన్నవారు మాత్రం ఇంట్లో బ్లేడుతో చెక్కుకునే సాహసం చేయకూడదు. చిన్న గాయమే పుండై కాలి మీదికి తెస్తుంది.

వుజూలో వేళ్ళ సందులను కూడా శుభ్రపరచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. కడిగాక ఆ సందులను పొడిగుడ్డతో తుడుచుకుంటే శిలీంధ్రానికి తేమ దొరకదు. శస్త్రచికిత్స జరిగితే కట్టు విప్పనక్కరలేదు, నమాజు మాననక్కరలేదు. కట్టుపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలునని ధర్మవేత్తలు చెప్పారు.