నెత్తురుకు ఉపమానం

నా అర్ధాంగి గుండెలో లోహపు కవాటం అమర్చి 11 ఏళ్ళయింది. రాత్రి ఇల్లు సద్దుమణిగిన తరువాత దాని టిక్కుటిక్కు నాకు వినిపిస్తూ ఉంటుంది. ఇటువంటి కవాటాలను మనిషికి అమర్చక మునుపు దేనిలో పరీక్షిస్తారని విచారించాను. తరచుగా గ్లిజరిను కలిపిన నీటిలోనట! తెలుగు పండితునికి ఇందులో పనేమిటని చదువరులు అనుకోవచ్చు. నా దృష్టిలో ఇది అచ్చంగా ఉపమాలంకార సమస్య.

నెత్తురు గడ్డకడుతుంది, చెడిపోతుంది. దాని గుండా ప్రవాహపు తీరును చూడలేము. కనుక ప్రయోగశాలలో దానికొక ఉపమానం కావాలి. నెత్తురు నీటికంటె 3, 4 రెట్లు చిక్కన. 20 డిగ్రీల వేడిమిలో, నూటికి 40 పాళ్ళ బరువు గ్లిజరిను ఉన్న నీరు ఇంచుమించు అంత చిక్కగా ఉంటుంది. అదే నీటిని దేహపు వేడిమి అయిన 37 డిగ్రీలకు తెస్తే మరల పలుచబడుతుంది. వేడిమి చెప్పక పాళ్ళు మాత్రమే చెప్పడం సగం మాటే.

ముఖాన్ని చంద్రునితో పోల్చినపుడు సమానధర్మం ఆహ్లాదకత్వం. చంద్రునిలోని మచ్చను ముఖంలో వెదకము. ఇక్కడ సమానధర్మం చిక్కదనం మాత్రమే. నెత్తురు వేగంగా పారేచోట పలుచబడుతుంది, మందగించినచోట చిక్కబడుతుంది. గ్లిజరిను నీటికి ఆ గుణం లేదు. అది కావలసినవారు శాంథాన్ బంక కలుపుతారు. అయినను గడ్డకట్టే గుణం రాదు. మా ఇంట నిత్యం వేసుకొనే వార్ఫరిన్ మాత్ర గుర్తుచేసేది ఆ గుణాన్నే.

తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన కవాటాన్ని యంత్రాలపై పరీక్షించి ఊరుకోలేదు. గొర్రెలకు అమర్చి చూచిన పిమ్మటనే 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. ఉపమానం ఎక్కడ ఆగుతుందో అక్కడినుండి ఉపమేయాన్నే అడగాలి గదా!

పోల్చడం తప్పని నేననను. ఏ ధర్మానికై పోల్చామో మరువడమే తప్పు. ప్రతి పరీక్షా నివేదికలోను ద్రవం పేరు, పాళ్ళు, వేడిమి, చిక్కదనంతోపాటు, ఏ ప్రశ్నకు జవాబుగా దానిని ఎంచుకొన్నారో, ఏ ప్రశ్నకు అది జవాబు కాదో కూడ వ్రాయాలని నా అభిప్రాయం. సమానధర్మాన్ని చెప్పక విడిచిన పోలికను లుప్తోపమ అంటాము. కావ్యంలో అది సొగసు. గుండె కవాటం దగ్గర మాత్రం అది ప్రమాదం.

విజ్ఞులు ఆలోచింతురు గాక.