కంప్యూటర్‌కీ అక్షరాభ్యాసం!

పిల్లలకు బియ్యంలో ఓనమాలు దిద్దిస్తారు. మరి కంప్యూటర్‌ భాష నేర్చుకునేవారికి? వాళ్లకీ ఓ అక్షరాభ్యాసం ఉంది. సీ, జావా, పైథాన్‌... భాష ఏదైనా చాలామంది రాసే మొట్టమొదటి ప్రోగ్రామ్‌ ఒక్కటే. తెరమీద 'హలో, వరల్డ్‌' అని కనిపించేలా చేయడం!

ఈ ఆనవాయితీ అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌లో మొదలైంది. అక్కడి శాస్త్రవేత్త బ్రయాన్‌ కెర్నిగాన్‌ 1972లో 'బీ' అనే భాషను పరిచయం చేస్తూ రాసిన పాఠంలో ఈ పలకరింపుని ఉదాహరణగా వాడారు. ఓ గుడ్డూ, 'హలో, వరల్డ్‌' అంటున్న కోడిపిల్లా ఉన్న కార్టూన్‌ ఎప్పుడో చూసిన గుర్తు అని ఆ తర్వాతెప్పుడో చెప్పారాయన. అప్పట్లో ఆ రెండు మాటలు చూపించడమూ చిన్న పనేం కాదు. 'బీ'లో ఒక్కో గడిలో నాలుగు అక్షరాలే పట్టేవి. అందుకని పలకరింపుని మూడు ముక్కలు చేసి ఒకదాని వెనక ఒకటి పంపాల్సి వచ్చింది! 'సీ' భాష వచ్చాక ఆ తిప్పలు తప్పాయి. 1978లో డెనిస్‌ రిచీతో కలిసి కెర్నిగాన్‌ రాసిన 'సీ' పుస్తకంతో 'హలో, వరల్డ్‌' ప్రపంచమంతా పాకింది.

అన్నట్టు, తెరమీద చూపించమనడానికి చాలా భాషల్లో 'ప్రింట్‌' అనే రాస్తారు. ఎందుకంటే ఆ రోజుల్లో టెలిటైప్‌ యంత్రాలు జవాబుని కాగితం మీదే టకటకా కొట్టి ఇచ్చేవి.

ఇంగ్లిషు సరే, మరి తెలుగో? ఇంగ్లిషు అక్షరాల్ని వరసగా పేర్చుకుంటూ పోతే చాలు. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ ఉన్నాయి. ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకి చోటు దొరికింది. అయినా పని అంత తేలిక కాదు. 'జ్ఞా'నే తీసుకోండి. మనకది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం... మొత్తం నాలుగు సంకేతాలు. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్‌-8 పద్ధతిలో వాటిని దాచడానికి 12 బైట్లు కావాలి. ఇంగ్లిషులో 'హలో, వరల్డ్‌' అంతా కలిపి, కామా, ఖాళీతో సహా, అంతే చోటు! పైగా ఒత్తుని జ కింద ఒద్దికగా అమర్చాలి.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు వాడేవారికి తెలిసొచ్చింది. 'జ్ఞా' మధ్యలో కంటికి కనిపించని మరో సంకేతం చేరిన మెసేజ్‌ వస్తే చాలు... దాన్ని చూపించబోయి యాప్‌ కుప్పకూలేది. తెలుగు ముక్క రానివారి ఫోన్లూ మొరాయించాయి. ఆపిల్‌ సంస్థ కొద్దిరోజుల్లోనే 11.2.6 అప్‌డేట్‌ ఇచ్చి సరిచేసింది.

ఊళ్లో అమ్మమ్మ ఫోన్‌లో 'బాగున్నావా' అని తెలుగులో కనిపించడం వెనక ఇంత కథ ఉంది. ఇంట్లో పైథాన్‌ నేర్చుకుంటున్న పిల్లలుంటే 'నమస్కారం' అని ప్రింట్‌ చేసి చూపించమనండి. ఒక్క వరసే. మొదటి పాఠమైనంత మాత్రాన తేలికైన పాఠం కాదని చెప్పింది మరి 'జ్ఞానం'లోని మొదటి అక్షరమే!