గృహసౌఖ్యము: ఇంటిక్రింది నీటిగొట్టములు

ఇల్లు ఊడ్చి, కడిగి, ముగ్గుపెట్టి అద్దమువలె నుంచుకొను ఇల్లాలికిని తన యింటి నేలక్రింద నేమున్నదో తెలియుట అరుదు. నల్లానీ రెచ్చటినుండి వచ్చుచున్నదని యడిగినచో ‘వీధిలోనుండి’ అందురు. వీధికిని వంటయింటికిని నడుమ పాత ఇనుపగొట్ట మొకటి చీకటిలో పడియున్నదని ఎవరికిని జ్ఞాపకము రాదు. ఈ నెల దానిని గూర్చియే సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లాల క్రిందికి వచ్చినవి. ఆ యేడే ఆగస్టులో మిషన్ భగీరథ పథకము ప్రారంభమై, శుద్ధిచేసిన నదీజలమును ఇంటింటికి నందించు ప్రయత్నము మొదలయ్యెను. జనగామవైపు కొన్ని గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. దాని గురుతు పిల్లల పండ్లమీద గారయై కన్పట్టును. అట్టిచోట్ల నదీజలము వచ్చుట గొప్ప మేలే. అయినను సర్కారుచేసిన మేలు గుమ్మమువరకే. గుమ్మము లోపలి గొట్టము మనది.

నీరు మారినప్పుడు పాతగొట్టము ఊరకుండదు. ఏండ్లతరబడి బోరునీరు పారిన గొట్టము లోపల సున్నపు పక్కును త్రుప్పును పొరలుగా పేరుకొనియుండును. వేరు గుణముగల నీరు తగిలినచో ఆ పొర కరగుటయో ఊడుటయో జరుగవచ్చును. అమెరికాలో ఫ్లింటు అను పట్టణమున 2014లో ఖర్చు తగ్గునని నీటిని మార్చిరి; పొరను కాపాడు మందును కలుపరైరి. పాతగొట్టముల సీసము నీటిలో దిగి పసిపిల్లల రక్తములో చేరెను. మన యిండ్లలో సాధారణముగా నున్నవి జస్తుపూత ఇనుపగొట్టములు గనుక మనకంతటి భయము లేదు. కాని త్రుప్పు, శుద్ధికై కలిపిన క్లోరినును తినివేయును. వీధిలో నిర్దోషమైన నీరు వంటయింటికి వచ్చుసరికి రక్షణలేనిదగును.

అంతకంటె కీడు మరియొకటి. మన యూళ్లలో నల్లా యెల్లవేళల రాదు. నీరున్నంతసేపు చిల్లిగొట్టమునుండి నీరు బయటికి కారును. నీ రాగినతోడనే గొట్టము ఖాళీయై చుట్టునున్న తడిని లోపలికి పీల్చుకొనును. ప్రక్కనే మురుగుకాలువ యున్నచో ఏమి పీల్చునో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటిలో ఒకరి వెనుక నొకరికి విరేచనములో కామెర్లో వచ్చినప్పుడు దిష్టి తీయుదురు, తిండి మార్పింతురు, గొట్టమును మాత్ర మెవరును శంకింపరు. మగవారు గోడల రంగునకు వేలకు వేలు వెచ్చింతురు గాని కంటికి కనబడని గొట్టమునకు రూపాయి తీయుటకు వారికి చేతులాడవు!

తెల్లవారి మొదటి బిందె నీరు పచ్చగానో ఎఱ్ఱగానో వచ్చుట, ధార సన్నగిలుట, వేసవిలోకూడ ఒకేచోట బండలమధ్య చెమ్మ నిలుచుట పాతగొట్టపు లక్షణములు. రాత్రి నల్లాలన్నియు కట్టివేసి, మీది తొట్టిలో నీటిమట్టమునకు గురుతుపెట్టి, ఉదయము చూచినచో తొట్టినుండి దిగు గొట్టములలో చిల్లి యున్నదో లేదో తెలియును.

గొట్టమును మార్చుటకు ఇల్లంతయు త్రవ్వవలెనని భయపడవలదు. పాతదానిని రెండువైపుల బిరడా బిగించి నేలలోనే విడిచి, క్రొత్తదానిని ఇంటి బయటి గోడవెంట నడపుట చౌక, సుఖము. మరల చెడినను కంటికి కనబడును. ఎండకు ప్లాస్టికు పెళుసగును గనుక రంగు వేయింపవలెను. వేడినీటికి సి.పి.వి.సి. గొట్టమే తగును. పి.వి.సి. గొట్టములలో సీసపు వాడుకను మానిపించుటకు కేంద్రప్రభుత్వము 2021లో నిబంధనలు చేసెను, ఐ.ఎస్.ఐ. ముద్ర చూడక కొనరాదు.

ఇక ముఖ్యమైన మాట. పాత ఇండ్లు కొన్నింటిలో విద్యుత్తు ఎర్తు తీగను ఈ ఇనుప నీటిగొట్టమునకే చుట్టియుందురు. ఇనుము తీసి ప్లాస్టికు వేసిన దినముననే ఆ ఎర్తు పోవును. ప్లాస్టికు విద్యుత్తును భూమిలోనికి దింపదు. దీపములు వెలుగును, ఫ్రిజ్జు నడచును, ఏ లోపమును కనబడదు. లోపల తీగ యొరసిననాడు మాత్రము తడిచేతితో బట్టలయంత్రమునో గీజరునో ముట్టిన ఇల్లాలికి ప్రాణాపాయము. ప్లంబరు తన పని ముగించి పోవును, ఎర్తు అతని పని కాదు. కావున గొట్టమును కోయకముందే ఎలక్ట్రీషియనును పిలిపించి, తీగ యెచ్చట కట్టియున్నదో చూపించుకొని, నేలలో వేరుగ ఎర్తు గుంత వేయించుకొనవలెను. ఇంటి యజమాని కచేరికి పోయినను సరే, ఈ పని మీరు ముందుగా జరిపింపుడు.

క్రొత్తగొట్టమును పూడ్చకముందు ఒక రాత్రి నీటితో నింపియుంచి అతుకు లన్నియు తడిమి చూడవలెను. పిదప వంద లీటర్ల నీటికి పదునైదు గ్రాముల మంచి బ్లీచింగుపొడి చొప్పున కలిపి, తేరిన నీటిని గొట్టములనిండ పట్టి, మరునాడు పారబోసి, వాసన పోవువరకు మంచినీటిని వదలవలెను. ఆ రాత్రి త్రాగుటకు బిందెలు ముందే నింపుకొనుడు.

పని ముగిసినతోడనే గొట్ట మేగోడవెంట, ఎంతయెత్తున పోవుచున్నదో కాగితముపై గీయించి ఇంటి పత్రములతో పదిలపరచవలెను. రేపు పటమునకు మేకు కొట్టువాని కది చూపవలసియుండును.