తీగ తెగుతుంది, పని చెడకూడదు

పిల్లలూ! గాలివాన వచ్చిన సాయంత్రం మీ ఊళ్లో ఇంటర్నెట్టు ఎన్నిసార్లు పోయిందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నంద్యాల కానివ్వండి, ఆళ్లగడ్డ కానివ్వండి, మన ఊళ్లకు ఫైబరు తీగ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. కొమ్మ విరిగిపడితే తెగుతుంది. "ఈ ఊళ్లో నెట్టు ఇంతే" అని పెద్దలు విసుక్కుంటారు. తప్పంతా తీగది కాదని నేనంటాను.

ఆళ్లగడ్డలో ఒక బడి కంప్యూటరు రోజూ ఉదయం 5 గంటలకు, రాబోయే 5 రోజుల వాతావరణ సూచనను తెచ్చి నోటీసు బోర్డుకు అచ్చువేస్తుందనుకోండి. ఆ వేళ దగ్గర ఎవరూ ఉండరు. చేయవలసిన పనులను వరుసగా రాసి కంప్యూటరుకు ఇచ్చిన చీటీ ప్రకారం అది నడుస్తుంది. ఆ చీటీనే షెల్ స్క్రిప్టు అంటారు. ఒకనాడు ఫైలు సగం రాగానే నెట్టు పోయింది. రెండు రోజుల సూచనే వచ్చింది. మూడోరోజు వాన అన్న వరుస రానేలేదు. స్క్రిప్టు అది గమనించక, వచ్చినంతా అచ్చువేసింది. దాన్ని నమ్మి కళ్లంలో వడ్లు ఆరబోసిన రైతు గతి ఏమిటి? అసలు కాగితమే లేకపోతే ఆయన ఆకాశం చూసి జాగ్రత్తపడేవాడు. ఏమీ తెలియకపోవడం కంటే సగం తెలియడం ప్రమాదం!

"అయితే మొత్తం వచ్చేదాకా ఆగకుండా అడుగుతూనే ఉండాలి" అంటారా? అదీ తప్పే. 1986 అక్టోబరులో అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలే. ఆ దారిలో సెకనుకు 32,000 బిట్లున్న వేగం 40 బిట్లకు పడిపోయింది! రద్దీలో ఆలస్యమైన సమాచారం పోయిందనుకుని కంప్యూటర్లు మళ్లీ మళ్లీ పంపాయి. దాంతో రద్దీ ఇంకా పెరిగింది. దారి ఇరుకైనప్పుడు పంపేవాడే తగ్గాలని వాన్ జాకబ్‌సన్ 1988లో ఉపాయాలు ప్రచురించాడు.

మన స్క్రిప్టుకూ ఆ ఓర్పు నేర్పవచ్చు. కర్ల్ అనే పనిముట్టుకు "మళ్లీ ప్రయత్నించు" అని చెబితే మొదట 1 సెకను ఆగుతుంది, తర్వాత 2, 4, 8 ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతుంది. దానికి కొన్ని సెకన్లు చీటీ వేసినట్టు అటూఇటూగా కలిపితే ఇంకా మేలు. కరెంటు రాగానే ఊళ్లోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా మీదపడవు.

ఇంకో సంగతి. ఆళ్లగడ్డ శిల్పి మధ్యాహ్నం ఉలి కింద పెడితే, సాయంత్రం కొత్త రాయి తెచ్చుకుంటాడా? ఆపినచోటే మొదలుపెడతాడు. ఫైలునూ అలాగే, ఆగినచోటి నుంచి తెప్పించవచ్చు. వచ్చేటప్పుడు దాన్ని వేరే పేరుతో ఉంచాలి. 5 వరుసలూ ఉన్నాయని చూశాకే అసలు పేరు పెట్టాలి. అనుకున్న గడువులో రాకపోతే ఆగిపోయి, "నేటి సూచన అందలేదు" అని అచ్చువేయాలి. ఓడిపోయానని నిజం చెప్పే స్క్రిప్టే నా దృష్టిలో మంచి స్క్రిప్టు.

మీరూ ఒకటి రాసి నడపండి. అది పనిచేస్తున్నప్పుడు మధ్యలో నెట్టు తీగ పీకి చూడండి. కరెంటు తీగ కాదు సుమా! అప్పుడు అది ఏం చేస్తుందో, అదే దానికి అసలు పరీక్ష.