బరువు తగ్గలేదని నడక మానవలదు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు రాగిసంగటియు, చేనిపనియు, కాలినడకయు క్రొత్తవి కావు. చంద్రచూడేశ్వరుని కొండను మన పెద్దలు మెట్లెక్కి దర్శించెడివారు. నేడు అంగడి వీథికి సయితము మోటారు సైకిలు కావలసి వచ్చుచున్నది. నడుము పెరిగినది, దాని వెంట మధుమేహమును పెరిగినది. భారత వైద్య పరిశోధనా మండలి అండతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనము ప్రకారము దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడియున్నారు. మరి 13 కోట్లకు పైగా జనులు ఆ వ్యాధి గడపపై నిలిచియున్నారు.

స్థూలకాయులలో ఈ వ్యాధి సాధారణముగా ఇన్సులిన్ లేమిచే మొదలుకాదు. ఇన్సులిన్ ఉండియు, దేహము దాని మాట వినకపోవుటచే మొదలగును. కండరములందును కాలేయమునందును కొవ్వు చేరినపుడు, చక్కెరను లోనికి గ్రహింపుమను ఆజ్ఞ సరిగా చెల్లదు. క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవించి, కొన్నేండ్లకు అలసిపోవును. అయితే పనిచేయు కండరమునకు ఒక గుణము కలదు: అది ఆ ఆజ్ఞకై వేచియుండక తానే చక్కెరను తీసికొనును. నడక ముగిసిన పిదపను ఆ మేలు ఒకటి రెండు దినములు నిలుచును. కావున వారమునకొకసారి ఆయాసపడుటకంటె, వరుసగా రెండు దినములు మానకుండ నడచుట మేలు.

‘నెలనాళ్లు నడచితిమి, బరువు తగ్గలేదు’ అని మానివేసిన వారిని మేము తరచుగా చూచుచున్నాము. వారు తొందరపడిరని మా అభిప్రాయము. వ్యాధి గడపపై నున్న 531 మందిపై చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ బృందము జరిపిన పరిశోధన 2006లో వెలువడినది. సుమారు మూడేండ్లలో, సామాన్య సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. ఆహార వ్యాయామ నియమములు పాటించినవారిలో 39 మందికే వచ్చెను. వీరి బరువు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. అయినను మేలు కలిగెను. బరువు తగ్గినచో మరింత మేలే. తగ్గనంతమాత్రమున శ్రమ వృథా కాదు.

మందు మానుమని మేము చెప్పుట లేదు. మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు వైద్యుని అడిగియే ఆరంభింపవలెను. చక్కెర మితిమీరి పడిపోవు ప్రమాదము కలదు. పాదములకు తగిన చెప్పులుండవలెను. దినమునకు అరగంట చొప్పున వారమునకు ఐదు దినములు వడిగా నడచిన చాలును.

మన గృహిణులలో కొందరు ‘ఇంటిపని చాలదా?’ అందురు, కొందరు నలుగురేమనుకొందురోయని సంకోచింతురు. నలుగురును కలిసి నడచిన నాడు అనుకొనువారెవరు? ప్రతి వీథిలోను మన సంఘ సభ్యులు సాయంకాలపు నడకకు పూనుకొనవలెను. తెలుగు మాత్రమే చదువగల వృద్ధులకై వైద్యులచే సరిచూపించిన సూచనలను తెలుగున అచ్చువేసి ఇంటింట పంచవలెను. భాషను నిలుపుకొనుటకు సంఘము పెట్టుకొన్న మనము, ఆ భాష మాటాడు పెద్దలను నిలుపుకొనుటకు అరగంట వెచ్చింపలేమా?